ఆఫ్రికా సఫారీకి ప్లాన్ చేస్తున్నారా? టికెట్ కంటే ముందు చూడాల్సింది గడ్డి క్యాలెండర్.. సెరెంగెటిలో ఏ నెలలో ఏం కనిపిస్తుందంటే!

నది ఒడ్డున వేలాది జంతువులు ఒకదాన్నొకటి తోసుకుంటూ ఆగుతాయి. కింద నీళ్లలో మొసళ్లు. ఎవరు ముందు దూకాలన్నట్టు కాసేపు తటపటాయింపు. ఉన్నట్టుండి ఒకటి దూకేస్తుంది. అంతే.. మిగతావన్నీ దాని వెంటే. దుమ్ము, నీటి తుంపర, అరుపులు. ముప్పై సెకన్ల ఈ వీడియో ఫోన్‌లో చూడనివాళ్లు తక్కువే. చూసినవాళ్లలో చాలామందికి వచ్చే ఆలోచన కూడా ఒకటే.. ఒక్కసారైనా ఆఫ్రికా వెళ్లి ఇది కళ్లారా చూడాలి.

దర్శకుడు రాజమౌళి 2025లో తన సినిమా షూటింగ్ కోసం టీమ్‌తో కెన్యా వెళ్లిరావడంతో, అక్కడి గడ్డి మైదానాల పేర్లు తెలుగువాళ్లకు ఇంకాస్త దగ్గరయ్యాయి. అయితే కోరిక వేరు, ప్లాన్ వేరు. పిల్లలకు సెలవులు కదా అని మే నెలలో టికెట్లు తీసుకుని, ఆ నది దృశ్యం కోసం వెళ్తే ఏమవుతుంది? నది ఉంటుంది, మొసళ్లు ఉంటాయి. మందలు మాత్రం ఉండవు. అప్పటికి అవి వేరే చోట గడ్డి మేస్తుంటాయి.

నలుగురున్న కుటుంబానికి ఇది లక్షల రూపాయల ప్రయాణం. చాలామందికి మళ్లీ మళ్లీ కుదిరేది కాదు. అందుకే విమానం టికెట్, హోటల్, కెమెరా.. వీటన్నిటికంటే ముందు తేల్చుకోవాల్సింది ఒక్కటే. ఏ నెలలో వెళ్తున్నాం? ఆ నెలలో జంతువులు ఎక్కడుంటాయి? టాంజానియాలోని సెరెంగెటి నేషనల్ పార్కును ఉదాహరణగా తీసుకుని ఈ లెక్క ఎలా వేసుకోవాలో చూద్దాం.

ఒక్క రోజు పండగ కాదు.. ఏడాది పొడవునా నడకే

సెరెంగెటి విస్తీర్ణం 14,763 చదరపు కిలోమీటర్లు. 1951లో నేషనల్ పార్క్ అయింది. 1981లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. మసాయి భాషలో ఈ పేరుకు అంతులేని మైదానం అని అర్థం చెబుతారు. ఉత్తరాన సరిహద్దు దాటితే కెన్యాలోని మసాయి మారా. దేశాలు రెండైనా జంతువులకు అదంతా ఒకటే నేల. వాటికి పాస్‌పోర్ట్ అక్కర్లేదు.

ఈ నేల మీద పది లక్షలకు పైగా విల్డెబీస్ట్‌లు తిరుగుతుంటాయి. చూడటానికి ఆవుకీ గుర్రానికీ మధ్యలో ఉన్నట్టుండే జింక జాతి జంతువులివి. వీటితో పాటు లక్షల సంఖ్యలో జీబ్రాలు, గజెల్ జింకలు. వానను, వాన తర్వాత మొలిచే పచ్చగడ్డిని వెతుక్కుంటూ ఇవన్నీ ఏడాదంతా గుండ్రంగా తిరుగుతాయి. దీన్నే గ్రేట్ మైగ్రేషన్ అంటారు. తెలుగులో చెప్పాలంటే మహా వలస.

ఇక్కడే చాలామంది పొరబడతారు. మైగ్రేషన్ అంటే ఫలానా తేదీన జరిగే ఈవెంట్ అనుకుంటారు. అలాంటి తేదీ ఏదీ లేదు. వలస ఎప్పుడూ జరుగుతూనే ఉంటుంది, మారేది చోటు మాత్రమే. పైగా వానలు ముందొస్తే మందలు ముందు కదులుతాయి, వెనకబడితే ఆలస్యంగా కదులుతాయి. కాబట్టి ఏ ఏజెంట్ అయినా "ఈ తేదీన నది దాటడం పక్కా చూపిస్తాం" అన్నాడంటే అక్కడే ఆగి ఆలోచించాలి.

ఏ నెలలో మందలు ఎక్కడుంటాయి?

ఒకటి రెండు వారాలు అటూ ఇటూ అయినా, మామూలుగా మందల తిరుగుడు ఇలా ఉంటుంది.

జనవరి నుంచి మార్చి దాకా: దక్షిణాన ఎన్డుటు చుట్టుపక్కల మైదానాల్లో. అగ్నిపర్వతాల బూడిద పడిన నేల కావడంతో ఇక్కడి పొట్టి గడ్డిలో కాల్షియం, ఫాస్పరస్ లాంటి ఖనిజాలు ఎక్కువ. పాలిచ్చే తల్లులకు కావాల్సింది అదే. అందుకే జనవరి చివర మొదలై ఫిబ్రవరిలో ఈనడం ఊపందుకుంటుంది. రెండు మూడు వారాల్లోనే లక్షల దూడలు పుడతాయి. అన్నీ ఒకేసారి ఎందుకు? సింహాలు, హైనాలు ఎన్ని తిన్నా తినగలిగేది కొన్నిటినే. మిగతావి బతికిపోతాయి. పుట్టిన దూడ కొన్ని నిమిషాల్లోనే లేచి నిలబడి తల్లి వెంట పరుగు తీస్తుంది.

ఏప్రిల్, మే: పెద్ద వానల కాలం. మందలు దక్షిణం నుంచి మధ్య, పశ్చిమ భాగాలవైపు కదులుతాయి. మట్టి రోడ్లు బురదవుతాయి, కొన్ని క్యాంపులు మూసేస్తారు. రేట్లు మాత్రం తగ్గుతాయి.

జూన్: పశ్చిమాన గ్రుమెటి నది పరిసరాల్లో. మారా నది అంత పేరు లేకపోయినా ఇక్కడా మొసళ్లున్నాయి, ఇక్కడా మందలు నది దాటతాయి.

జులై చివర నుంచి అక్టోబర్ దాకా: ఉత్తరాన మారా నది. టాంజానియా వైపు కొగటెండె ప్రాంతం, కెన్యా వైపు మసాయి మారా. ఆ వైరల్ వీడియోలన్నీ ఇక్కడివే. మందలు ఒక్కసారి దాటి ఊరుకోవు. గడ్డిని బట్టి ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు చాలాసార్లు దాటతాయి.

నవంబర్, డిసెంబర్: చిన్న వానలు మొదలవగానే మళ్లీ దక్షిణానికి తిరుగు ప్రయాణం.

ఇదంతా వలస జంతువుల సంగతి. సెరెంగెటి సింహాలు, చిరుతలు, ఏనుగులు, జిరాఫీలు ఎక్కడికీ పోవు. పార్కు మధ్యలో సెరోనెరా అనే ప్రాంతం ఉంది. నది పక్క చెట్ల మీద చిరుతలకు, గుండ్రటి బండరాళ్ల గుట్టల మీద సింహాలకు అది పెట్టింది పేరు. ఏ నెలలో వెళ్లినా ఒకటి రెండు రాత్రులు అక్కడ పెట్టుకుంటే ఉత్త చేతులతో తిరిగొచ్చే అవకాశం తక్కువ.

మరి మన సెలవులకు ఏది కుదురుతుంది?

తెలుగు రాష్ట్రాల్లో స్కూలు పిల్లలున్న ఇంటికి దూరప్రయాణం కుదిరేది మూడు సందర్భాల్లో. సంక్రాంతి, వేసవి, దసరా. ఈ మూడింటినీ పై క్యాలెండర్ పక్కన పెట్టి చూస్తే లెక్క తేలిపోతుంది.

సంక్రాంతి: మందలు దక్షిణ మైదానాల్లో ఉండే కాలం. దూడలు పుట్టడం అప్పటికి జోరందుకోకపోవచ్చు. కానీ కనుచూపు మేర జంతువులు, వాటి వెంటే చీతాలు, సింహాలు. స్కూళ్ల బెంగ లేని జంటలు, రిటైరైన తల్లిదండ్రులైతే ఇంకో నెల ఆగి ఫిబ్రవరిలో వెళ్లడమే మేలు.

దసరా: సెప్టెంబర్ చివర లేదా అక్టోబర్‌లో వచ్చే ఈ సెలవుల్లో మందలు ఇంకా ఉత్తరానే ఉండే అవకాశం ఎక్కువ. నది దాటే దృశ్యమే కావాలనుకునేవాళ్లకు మన క్యాలెండర్‌లో ఉన్న మంచి అవకాశం ఇదే. అయితే ఉత్తరాన కనీసం మూడు రాత్రులు ఉండాలి. ఒడ్డుకు వచ్చిన మంద గంటల తరబడి నిలబడి, చివరికి దాటకుండా వెనక్కి తిరిగిపోవడం అక్కడ మామూలే. ఒక్క రాత్రి ప్యాకేజీ అంటే లాటరీ టికెట్ కొన్నట్టే.

వేసవి: చిక్కంతా ఇక్కడే. ఏప్రిల్ చివర నుంచి మే మధ్య దాకా అక్కడ పెద్ద వానలు. జూన్ మొదటి వారం నాటికి వానలు తగ్గి, పశ్చిమాన మందలు కనిపిస్తాయి. కానీ జూన్ రెండో వారానికల్లా ఇక్కడ బడి గంట మోగుతుంది. వేసవిలో తప్ప కుదరదనుకునేవాళ్లు చూడాల్సింది సెరెంగెటి కాదు.. మరో పార్కు.

వేసవే అయితే దక్షిణాఫ్రికా క్రూగర్ బెటర్

దక్షిణాఫ్రికాలోని క్రూగర్ నేషనల్ పార్క్‌లో రుతువులు వేరు. అక్కడ వానలు పడేది సుమారుగా అక్టోబర్ నుంచి మార్చి మధ్యలో. మనకు ఎండలు మండే మే నెలలో అక్కడ చలికాలం మొదలవుతుంది. గడ్డి ఎండిపోయి పొదలు పలచబడతాయి, నీళ్లు కొన్ని చోట్లే మిగులుతాయి. ఆ నీళ్ల దగ్గరికి జంతువులు రాక తప్పదు. చూసేవాళ్లకు అదే వరం. చలికాలంలో దోమల బెడదా తగ్గుతుంది. లక్షల మందల వలస ఇక్కడ ఉండదు కానీ సింహం, చిరుత, ఏనుగు, ఖడ్గమృగం, ఆఫ్రికా అడవి దున్న.. బిగ్ ఫైవ్ అనే ఈ ఐదూ ఒకే పార్కులో ఉన్నాయి.

ఇంకో సౌకర్యం కూడా ఉంది. క్రూగర్‌లో మన కారు మనమే నడుపుకోవచ్చు. పార్కులో తారు రోడ్లున్నాయి. మనలాగే అక్కడా ఎడమవైపే డ్రైవింగ్. స్పీడ్ లిమిట్ తారు రోడ్డు మీద గంటకు 50, మట్టి రోడ్డు మీద 40 కిలోమీటర్లు. ఆర్టీఏ ఆఫీసులో ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ తీసుకుని వెళ్తే అద్దె కారు దగ్గర ఇబ్బంది ఉండదు. స్కుకూజా, లోయర్ సాబీ, సతారా లాంటి ప్రభుత్వ రెస్ట్ క్యాంపుల్లో వంట చేసుకునే వీలున్న కాటేజీలు దొరుకుతాయి. శాకాహారులకు, చిన్నపిల్లల తల్లిదండ్రులకు ఇది పెద్ద ఊరట. ఈ క్యాంపులకు డిమాండ్ ఎక్కువ కాబట్టి నెలల ముందే బుక్ చేసుకోవాలి. భారతీయులకు దక్షిణాఫ్రికా వీసా ముందుగానే తీసుకోవాల్సి ఉంటుంది. దానికీ టైమ్ పెట్టుకోవాలి.

అసలు ఖర్చు హోటల్లో కాదు.. గేటు దగ్గర

నల్లమలలోని అమ్రాబాద్‌లోనో, నాగార్జునసాగర్-శ్రీశైలం టైగర్ రిజర్వ్‌లోనో సఫారీకి వెళ్లినవాళ్లకు గేటు టికెట్ పెద్ద విషయం అనిపించదు. ఆఫ్రికాలో అలా కాదు. బడ్జెట్‌లో పెద్ద ముక్క పార్కు ఫీజులే.

సెరెంగెటిలో విదేశీ పెద్దవాళ్లకు ఎంట్రీ ఫీజు 24 గంటలకు 70 డాలర్లు. దాని మీద 18 శాతం వ్యాట్. అంటే ఒక్కొక్కరికి 82.60 డాలర్లు. మార్చి మధ్య నుంచి మే మధ్య దాకా కాస్త తక్కువ. ఐదేళ్ల నుంచి 15 ఏళ్ల లోపు పిల్లలకు ఫీజు బాగా తక్కువ, ఐదేళ్ల లోపు వాళ్లకు ఉచితం. ఇద్దరు పెద్దవాళ్లు మూడు రోజులుంటే ఎంట్రీకే 495 డాలర్లు దాటుతుంది. డాలరు 90 రూపాయల చొప్పున లెక్కేసినా దాదాపు 44,600 రూపాయలు. పార్కు లోపల బస చేస్తే రాత్రికి ఒక్కొక్కరికీ ఇంకో ఫీజు ఉంటుంది.

అరుషా నగరం నుంచి సెరెంగెటికి రోడ్డు మీద వెళ్లేవాళ్లు సాధారణంగా గోరోంగోరో రక్షిత ప్రాంతం మీదుగా వెళ్తారు. దానికి వేరే ఫీజు. వెళ్లేటప్పుడొకసారి, వచ్చేటప్పుడొకసారి. అక్కడున్న అగ్నిపర్వత బిలంలోకి దిగాలంటే ఒక్కో వాహనానికి 250 డాలర్లు, వ్యాట్‌తో 295. అంటే 26,500 రూపాయల పైమాటే. అయినా చాలామంది ఈ ఖర్చుకు వెనకాడరు, కారణముంది. సుమారు 260 చదరపు కిలోమీటర్ల ఆ గిన్నెలాంటి నేలలో నల్ల ఖడ్గమృగాన్ని చూసే అవకాశం సెరెంగెటి కంటే ఎక్కువ. ఒక్క జిరాఫీ మాత్రం అక్కడ కనిపించదు. అంత నిటారు గోడలు దిగి అవి రావు.

కెన్యా వైపు వెళ్లినా తక్కువేం కాదు. మసాయి మారా రిజర్వ్‌లో విదేశీయులకు జులై నుంచి డిసెంబర్ దాకా 12 గంటలకు 200 డాలర్లు, జనవరి నుంచి జూన్ దాకా 100 డాలర్లు. సాయంత్రం వచ్చి పొద్దున్నే వెళ్లిపోయేలా ప్లాన్ వేసుకుంటే రెండు రోజుల ఫీజుకు సగం రోజు సఫారీ కూడా మిగలదు. ఈ రేట్లు తరచూ మారుతుంటాయి. బుక్ చేసే రోజున తాజా టారిఫ్ చూసుకోవడం తప్పనిసరి.

ఇంకొకటి. మన దేశంలోని ట్రావెల్ ఏజెంట్ దగ్గర విదేశీ టూర్ ప్యాకేజీ కొంటే దాని మీద టీసీఎస్ వసూలు చేస్తారు. అది పోయిన డబ్బు కాదు. ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్న్‌లో చూపించి సర్దుబాటు చేసుకోవచ్చు, లేదా రీఫండ్ తీసుకోవచ్చు. కానీ కట్టేటప్పుడు చేతిలో ఉండాలి కదా. బడ్జెట్‌లో దాన్నీ కలుపుకోవాలి.

ఒకే వీసాతో రెండు దేశాలా? జాగ్రత్త

ఈస్ట్ ఆఫ్రికా టూరిస్ట్ వీసా అని ఒకటుంది. పేరు చూసి కెన్యా, టాంజానియా రెండూ తిరగొచ్చనుకుంటారు. కానీ అది కెన్యా, ఉగాండా, రువాండాలకు మాత్రమే. టాంజానియా అందులో లేదు.

టాంజానియాకు భారతీయులు ఆన్‌లైన్‌లో ఈ-వీసాకు అప్లై చేసుకోవచ్చు. సింగిల్ ఎంట్రీ టూరిస్ట్ వీసా ఫీజు 50 డాలర్లు. కెన్యా 2024 జనవరి నుంచి వీసా తీసేసి, దాని స్థానంలో ముందస్తు ఆన్‌లైన్ అనుమతి పెట్టింది. దాన్ని ఈటీఏ అంటారు. రెండు దేశాలూ తిరగాలంటే రెండూ విడివిడిగా ఉండాల్సిందే.

మ్యాప్‌లో పక్కపక్కనే ఉన్నాయి కదా అని మారా నుంచి సెరెంగెటికి జీపులో నేరుగా దాటేద్దామంటే కుదరదు. పార్కుల మధ్య ఉన్న దారి టూరిస్టులకు లేదు. పశ్చిమాన ఇసెబానియా సరిహద్దు దాకా చుట్టు తిరిగి వెళ్లాలి. రోజంతా అందులోనే పోతుంది. వారం రోజుల ట్రిప్ అయితే ఒక దేశం ఎంచుకోవడమే తెలివైన పని.

చివర్లో జాంజిబార్ బీచ్ కలుపుకునేవాళ్లకు మరో విషయం. 2024 అక్టోబర్ నుంచి ఆ దీవికి వచ్చే విదేశీయులు అక్కడి ప్రభుత్వ బీమాను 44 డాలర్లు కట్టి తీసుకోవాలి. మనం ఇక్కడ తీసుకున్న ట్రావెల్ ఇన్సూరెన్స్ ఉన్నా సరే.

పసుపు రంగు కార్డు మర్చిపోతే తిరిగొచ్చాక కష్టం

ఎల్లో ఫీవర్ టీకా. ఆఫ్రికా ప్రయాణంలో చాలామంది ఆఖరి నిమిషంలో పరుగులు పెట్టేది దీనికోసమే. కెన్యా, ఇథియోపియా లాంటి ఎల్లో ఫీవర్ దేశాల నుంచి వచ్చేవాళ్లు ఇండియాలో దిగాక టీకా సర్టిఫికెట్ చూపించాలి. లేకపోతే ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో ఉంచే అధికారం ఎయిర్‌పోర్ట్ హెల్త్ అధికారులకు ఉంది. అంటే అడవి నుంచి సంతోషంగా తిరిగొచ్చి, ఇల్లు చేరకుండా క్వారంటైన్ గదిలో కూర్చోవాల్సి రావచ్చు. టాంజానియా కూడా ఆ దేశాల మీదుగా వచ్చేవాళ్లను, అక్కడ 12 గంటలకు మించి ఆగితే సర్టిఫికెట్ అడుగుతుంది.

టీకా వేయించుకున్న పది రోజుల తర్వాతే సర్టిఫికెట్ చెల్లుతుంది. ఒక్కసారి వేయించుకుంటే జీవితాంతం సరిపోతుంది. ఏ ఆస్పత్రిలో పడితే ఆ ఆస్పత్రిలో వేస్తే చెల్లదు, కేంద్రం గుర్తించిన సెంటర్లలోనే వేయించుకోవాలి. హైదరాబాద్‌లో నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ అలాంటిదే. విశాఖలో పోర్ట్ హెల్త్ ఆఫీస్ ఉంది. వేసే రోజులు, టైమింగ్స్ ముందుగా కనుక్కుని వెళ్లడం మంచిది. గర్భిణులు, పసిపిల్లలు, పెద్ద వయసు వాళ్లు, గుడ్డు ఎలర్జీ ఉన్నవాళ్లు ముందు డాక్టర్‌తో మాట్లాడాలి.

సెరెంగెటి, క్రూగర్ రెండూ మలేరియా ఉన్న ప్రాంతాలే. దానికి టీకా కాదు, ముందు జాగ్రత్తగా వేసుకునే మాత్రలుంటాయి. ఏవి, ఎప్పటి నుంచి, ఎన్నాళ్లు అనేది డాక్టర్ చెప్పాలి. తిరిగొచ్చాక జ్వరం వస్తే ఆఫ్రికా వెళ్లొచ్చిన సంగతి డాక్టర్‌కు మొదటి మాటగా చెప్పాలి.

రోడ్డా.. చిన్న విమానమా?

సెరెంగెటికి దగ్గరి పెద్ద ఎయిర్‌పోర్ట్ కిలిమంజారో. అక్కడి నుంచి అరుషా వెళ్లి సఫారీ మొదలుపెడతారు. తెలుగువాళ్లకు అనువైన దారుల్లో ఒకటి అడిస్ అబాబా మీదుగా. ఇథియోపియన్ ఎయిర్‌లైన్స్ 2025 జూన్‌లో హైదరాబాద్ సర్వీసు మొదలుపెట్టింది. దోహా మీదుగా, ముంబై-నైరోబీ మీదుగా కూడా వెళ్లొచ్చు. అక్కడి టైమ్ మనకంటే రెండున్నర గంటలు వెనక.

అరుషా నుంచి సెరెంగెటి మధ్య భాగానికి రోడ్డు మీద ఏడెనిమిది గంటలు పడుతుంది. అందులో చాలా భాగం మట్టి రోడ్డే. అలల్లా గతుకులు తేలిన ఆ రోడ్డు మీద కుదుపులకు అక్కడి డ్రైవర్లు పెట్టిన ముద్దుపేరు "ఆఫ్రికన్ మసాజ్". నవ్వుకోవడానికి బాగానే ఉంటుంది కానీ నడుం నొప్పి, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లతో వెళ్తే నవ్వు రాదు. అలాంటప్పుడు వెళ్లేటప్పుడు జీపులో, వచ్చేటప్పుడు చిన్న విమానంలో వచ్చేలా చూసుకుంటే ఒళ్లు నిలుస్తుంది. ఆ విమానాల్లో లగేజీ మనిషికి 15 కిలోలే. అదీ చక్రాల సూట్‌కేస్ కాదు, మెత్తటి బ్యాగ్ అయ్యుండాలి.

బ్యాగ్‌లో ఏం ఉండాలి? ఏం ఉండకూడదు?

ఆఫ్రికా అనగానే ఎండ అనుకుని కాటన్ బట్టలే సర్దుకుంటే తెల్లారేసరికి వణుకే. గోరోంగోరో బిలం అంచు సముద్ర మట్టానికి రెండు వేల మీటర్లకు పైనే ఉంటుంది. పొద్దున్నే టాప్ తెరిచిన జీపులో జాకెట్ లేకపోతే కష్టం.

ముదురు నీలం, నలుపు బట్టలు వద్దు. ట్సెట్సీ ఈగలు ఆ రంగులకే ఎగబడతాయి, కుడితే మంట. ఖాకీ, లేత గోధుమ రంగులు మేలు. మిలిటరీ డిజైన్ బట్టలు మాత్రం అసలే వద్దు.

ప్లాస్టిక్ క్యారీ బ్యాగులు కెన్యాలో 2017 నుంచి, టాంజానియాలో 2019 నుంచి నిషేధం. పచ్చడి ప్యాకెట్లు, పొడులు మూటగట్టే మన అలవాటును బట్టి చూస్తే ముందే గుర్తుపెట్టుకోవాల్సిన విషయం ఇది. గుడ్డ సంచి వాడితే గొడవే లేదు. శాకాహారమైతే బుకింగ్ రోజునే లాడ్జికి రాతపూర్వకంగా చెప్పాలి.

కెమెరా లేకపోయినా పర్లేదు కానీ బైనాక్యులర్స్ తప్పనిసరి. ఒకటి కాదు, వీలైతే ఇద్దరికొకటి. మూడు చదరపు పిన్నుల బ్రిటిష్ ప్లగ్ అడాప్టర్ కూడా పెట్టుకోవాలి. డ్రోన్ ఇంట్లోనే వదిలేయాలి, అనుమతి లేకుండా పార్కుల్లో ఎగరేయకూడదు.

ట్రావెల్ ఇన్సూరెన్స్‌లో విమానంలో ఆస్పత్రికి తరలించే కవరేజ్ ఉందో లేదో చూసుకోవాలి. పార్కు నడిబొడ్డున గుండెనొప్పి వస్తే పెద్దాస్పత్రి పక్క వీధిలో ఉండదు.

వీడియో కోసం మందకు అడ్డం నిలబడితే..

2025 జులైలో సెరెంగెటి నుంచి ఇంకో రకం వీడియో బయటికొచ్చింది. అందులో జనం జీపులు దిగి మారా నది ఒడ్డున గుంపుగా నిలబడ్డారు. ఫోన్లు పైకెత్తి షూట్ చేస్తున్నారు. దాటాల్సిన మందకు దారి మూసుకుపోయింది. వన్యప్రాణి ప్రేమికులు మండిపడ్డారు.

ఇది మర్యాద విషయం మాత్రమే కాదు. మందలు నదిలోకి దిగే చోటును గట్టు వాలును బట్టి ఎంచుకుంటాయి. ఆ దారి మూసేస్తే నిటారు గట్టు మీద నుంచి దూకాల్సి వస్తుంది. కాళ్లు విరుగుతాయి, దూడలు తల్లుల నుంచి విడిపోతాయి. ఒక రీల్ కోసం ఒక జంతువు ప్రాణం పోవచ్చు.

పార్కు రూల్స్ స్పష్టంగానే ఉన్నాయి. చెప్పిన చోట తప్ప వాహనం దిగకూడదు. సెరెంగెటిలో రోడ్డు వదిలి గడ్డిలోకి జీపు దింపకూడదు. చీకటి పడ్డాక తిరగకూడదు. అయినా ఇంకాస్త దగ్గరికి పోనివ్వు అని డ్రైవర్‌పై ఒత్తిడి తెచ్చేది టూరిస్టులే. ఎక్కువ టిప్ ఇస్తామని ఆశ పెడతారు. పట్టుబడితే జరిమానా కట్టేది, ఉపాధి పోగొట్టుకునేది మాత్రం ఆ డ్రైవర్. సఫారీ మొదటి రోజునే "మాకు తొందర లేదు, రూల్స్ ప్రకారమే వెళ్దాం" అని చెప్పడం ఆయనకు చేసే పెద్ద సాయం. అలాంటి డ్రైవర్ చిరుత ఉన్న చెట్టు దగ్గర గంటసేపు ఓపిగ్గా ఆపుతాడు. దానికి దూరంగా ఆపితేనే ఆ చిరుత కిందికి దిగుతుంది.

మసాయి ప్రజల విషయంలోనూ అంతే. గోరోంగోరోలో వాళ్లు పశువులు మేపుకుంటూ బతుకుతున్నారు. ఆ నేల వాళ్ల ఇల్లు. అడగకుండా ముఖం మీద ఫోన్ పెట్టకూడదు.

డబ్బు కట్టే ముందు ఏజెంట్‌ను అడగాల్సిన ఆరు ప్రశ్నలు

1. నేను వెళ్లే వారాల్లో మందలు మామూలుగా ఏ ప్రాంతంలో ఉంటాయి? నా బస ఆ ప్రాంతంలోనేనా? సెప్టెంబర్‌లో నది దాటడం చూపిస్తామంటూ దక్షిణాన రూమ్ ఇస్తే ప్రయోజనం లేదు.

2. పార్కు ఫీజులు, రాత్రి బస ఫీజు, బిలంలోకి దిగే ఫీజు, వ్యాట్ అన్నీ ఈ రేటులోనే ఉన్నాయా? దేనికెంతో విడివిడిగా రాసివ్వాలి.

3. జీపు మాకొక్కరికేనా, వేరేవాళ్లతో కలిపా? కలిపితే అందరికీ కిటికీ సీటు ఉంటుందా? టాప్ తెరుచుకుంటుందా?

4. లాడ్జి పార్కు లోపలా, గేటు బయటా? బయటైతే రేటు తక్కువే కానీ తెల్లవారుజామున జంతువులు చురుగ్గా ఉండే టైమ్ రోడ్డు మీదే గడిచిపోతుంది.

5. అక్కడ వాహనం నడిపే స్థానిక కంపెనీ ఏది? దానికి టాంజానియా టూరిజం లైసెన్స్ ఉందా? పేరు రాతపూర్వకంగా ఇస్తారా?

6. వానలొచ్చి రోడ్డు మూసుకుపోయినా, మేమే రద్దు చేసుకున్నా ఎంత వెనక్కి ఇస్తారు?

వీటికి సూటిగా జవాబు చెప్పేవాళ్లకే అడ్వాన్స్ కట్టాలి. పీక్ సీజన్‌లో వెళ్లాలంటే ఆరు నెలల నుంచి ఏడాది ముందే మొదలుపెట్టడం మంచిది.

ఇంత చేసినా నది దాటే దృశ్యం కనిపించకపోవచ్చు. అది జూ కాదు, సినిమా థియేటర్ కాదు, షో టైమింగ్ ఉండదు. కానీ నెల సరిగ్గా ఎంచుకుని, సరైన చోట మూడు నాలుగు రోజులు ఓపిగ్గా ఉన్న కుటుంబం ఆ ముప్పై సెకన్ల వీడియోలో లేనివి చాలా చూస్తుంది. పుట్టిన దూడ లేచి వేసే మొదటి అడుగు, ఎండకు జీపు నీడలో వచ్చి పడుకునే సింహం, మేత మేస్తూ ఒక్కసారిగా తలలెత్తే వెయ్యి జంతువులు. వీటికోసం నది దాకా కూడా వెళ్లక్కర్లేదు.

కాబట్టి వరుస గుర్తుంచుకోండి. ముందు నెల, తర్వాత చోటు, ఆ తర్వాత టీకా, వీసా. విమానం టికెట్ చివర్లోనే!